లోపలి గడియ

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కనున్న హార్డ్‌వేర్ దుకాణానికి మొన్న కుళాయి కోసం వెళ్లాను. దుకాణదారు నన్ను చూడగానే కుళాయి సంగతి పక్కన పెట్టి, "ఏంది మేడమ్, మన గడియల మేడమ్ కనిపిస్తనే లేరు? తబియత్ మంచిగ లేదా?" అని అడిగాడు.

చనిపోయారని చెప్పాను. ఆయన చేతిలో ఉన్న స్క్రూల డబ్బాను బల్ల మీద పెట్టి, కాసేపు దాని మూత తీస్తూ వేస్తూ ఉండిపోయాడు. "అరె, ఎవరన్న చెప్తే నేను గూడ వచ్చేటోణ్ని కదా" అన్నాడు. తర్వాత అరలోంచి ఒక అట్టపెట్టె తీసి నా ముందు పెట్టాడు. "కొత్త మాల్ వచ్చింది. ఆమె చూసేదాంక అమ్మొద్దని ఆపిన. ఇగ ఇది మంచిదో కాదో నాకెవరు చెప్తరు?"

నిజమే మరి. ఆవిడ తలుపు గడియను కంటితో చూసి కొనేది కాదు, చెవితో విని కొనేది. ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని అటూ ఇటూ జరిపేది. నచ్చకపోతే, "ఇది దగ్గుతున్నది. దవాఖానకు పంపు" అని పక్కకు నెట్టేది. నచ్చితే మాట్లాడకుండా సంచిలో వేసుకునేది. ఇంతకీ ఆవిడ వడ్రంగీ కాదు, మేస్త్రీ కాదు. నల్లకోటు వేసుకునే వకీలు. పిల్లల కేసులు తప్ప మరొకటి పట్టేది కాదు. పిల్లల వసతి గృహాలను తనిఖీ చేసే కమిటీలో సభ్యురాలు కూడా. పేరు మాత్రం చెప్పను. బతికుండగా విలేకరులు అడిగితేనే, "నా పేరెందుకు? ముద్దాయి పేరు తప్పులేకుండ రాయి, చాలు" అని తరిమేసిన మనిషి, ఇప్పుడు నేను రాస్తే ఊరుకుంటుందా?

నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సేవా కార్యక్రమాల విభాగంలో పనిచేస్తున్నాను. మాది కర్నూలు వైపు. కంపెనీ తన లాభంలోంచి కాస్త మంచిపనులకు ఖర్చు పెట్టాలి. ఆ మంచిపనుల్లో ఫొటోకు బాగా వచ్చేవి ఏవో వెతికి పెట్టడం నా ఉద్యోగం. పిల్లల రక్షణ మీద మాట్లాడమని ఓసారి ఆవిడను పిలిచాం. ఉపన్యాసం మొదలు కావాల్సిన సమయానికి ఆవిడ కింద సెక్యూరిటీ దగ్గర ఇరుక్కుపోయింది. సంచిని యంత్రంలోంచి పంపితే తెర మీద స్క్రూడ్రైవర్, గుప్పెడు స్క్రూలు, ఇనుప గడియలు, వాటి మధ్య ఉప్పు శనగల పొట్లం కనిపించాయట. నేను లిఫ్ట్ దిగేసరికి విచారణ జోరుగా సాగుతోంది.

"ఇవన్ని ఏందమ్మా?" అంటున్నాడు గార్డు.

"గడియలు బిడ్డా. తలుపుకు పెడుతరు. మీ ఇంట్ల లేవా?"

"ఉన్నయి. గని ఎవరన్న సంచిల పెట్టుకుని తిరుగుతరా?"

"ఎవరు తిరుగుతలేరనే కదా నాకీ పరేషాన్!"

గార్డు నవ్వాడు గానీ స్క్రూడ్రైవర్ మాత్రం లోపలికి రానివ్వలేదు. శనగలు తను కొన్ని తిని, మిగతావి రానిచ్చాడు. పై అంతస్తుకు వెళ్లేదాకా నేను మెడలోని కార్డు తీసి తలుపు తర్వాత తలుపు తెరుస్తుంటే ఆవిడ ప్రతి తలుపునూ తట్టి చూసింది. వేదిక ఎక్కగానే అన్న మొదటి మాట అదే. "మీ కంప్యూటర్లకు ఎన్ని తలుపులో! మంచిదే. నేను తిరిగే కాడ ఆడపిల్ల నీళ్లు పోసుకునే గదికి ఒక్క గడియ ఉండదు. ఉన్నా, బయట ఉంటది." మావాళ్లకు నవ్వాలో ఊరుకోవాలో తెలియలేదు. తెలియనప్పుడు చేసే పనే చేశారు, చప్పట్లు కొట్టారు.

ఆ రోజు నుంచి నేను ఆవిడకు చిక్కాను, ఆవిడ నాకు చిక్కింది. కొండాపూర్‌లో మా ఫ్లాట్‌కు మొదటిసారి వచ్చినప్పుడు చెప్పులు విడిచి సరాసరి బాత్రూమ్‌లోకి వెళ్లింది. పాపం పెద్దావిడ, ఎంత అవసరమో అనుకున్నాను. లోపల గడియ టక్కున పడింది, టక్కున లేచింది. బయటికి వచ్చి, "మంచిగుంది. ఇగ చాయ్ పెట్టు" అంది. పెళ్లిళ్లలో, హోటళ్లలో, ఆఖరికి బ్యూటీ పార్లర్‌లో కూడా ఇదే తంతు. ఆవిడతో బయటికి వెళ్లడమంటే ఊళ్లో ఉన్న బాత్రూమ్‌లన్నీ చూసి రావడమే.

వసతి గృహాలకు తనిఖీకి వెళ్తే ఆఫీసు గదిలో కూర్చునేది కాదు. వాళ్లు తెచ్చిపెట్టే దస్త్రాలకేసి చూసేది కాదు. "అవి మీరు రాసుకున్నవే కదా, నేను చదివితే మారుతయా?" అనేది. నేరుగా పిల్లలుండే గది దగ్గరికి వెళ్లి తలుపు తట్టి, "రావచ్చునా?" అని అడిగేది. పిల్లలు రమ్మంటేనే గడప దాటేది. ఒకచోట ఓ చిచ్చర పిడుగు ఊరికే, సరదాకి, "వద్దు!" అని అరిచింది. మేడమ్ బయటే నిలబడిపోయింది. ఎండలో. పిల్లల్ని చూసుకునే ఆయమ్మ కంగారుపడి, "అది వట్టిగనే అన్నదమ్మా, మీరు రాండ్రి" అని తలుపు తోయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దంటే వద్దే. వట్టిగ అన్నా వద్దే." లోపల కిలకిలలు. "రావచ్చునా?" "వద్దూ!" మళ్లీ కిలకిలలు. చెమట కారుతూ నిలబడ్డాం. ఆ తర్వాత ఆవిడ ఏ హాస్టల్‌కు వెళ్లినా ఆ ఆట ముందే చేరిపోయి ఉండేది. పెద్దవాళ్లను గుమ్మం బయట నిలబెట్టే ఆట కన్నా గొప్ప ఆట పిల్లలకు ఏముంటుంది?

లోపల గడియ లేని బాత్రూమ్ కనిపిస్తే కొంగు నడుముకు చెక్కి తనే బిగించేది. నోటీసులివ్వచ్చు కదా, మీకెందుకు ఈ పని అని ఒకసారి అడిగాను.

"నోటీసు గూడ ఇస్త. గని గడియ లేదంటే ఏం చెప్తరు? విరిగిందంటరు, మరిచినమంటరు, రేపు పెడుతమంటరు. వాళ్లను పట్టుకునుడు కాదు. నేను పెట్టినంక మల్ల వచ్చి చూస్త. అది లేకుంటే ఎవడో ఒకడు తీసినట్టే కదా? ఆ ఒక్కడు నాకు గావాలె."

ఆ ఒక్కడు దొరికిన కథే చెప్పబోతున్నాను.

తెల్లాపూర్ అవతల, పెద్ద పెద్ద గేటెడ్ కమ్యూనిటీల వెనక ఒక ఆడపిల్లల ఆశ్రమం ఉండేది. గోడల నిండా సీతాకోకచిలుకలు, పాలలాంటి గచ్చు, తెల్లబట్టల్లో తెల్లగా నవ్వే సెక్రటరీ. ఆ నవ్వును మా కంపెనీ వేదిక మీద సన్మానించాం. శాలువా కప్పింది నేనే. ఆ ఫొటో మా మీటింగ్ గది గోడకెక్కింది. మా మేనేజర్‌కు తన పుట్టినరోజు ఆ పిల్లల మధ్య చేసుకోవాలని బుద్ధి పుట్టింది. పుట్టింది ఆయన, పాట పాడాల్సింది పిల్లలు, ఫొటో చూడాల్సింది ఊరంతా. నేను మేడమ్‌ను కూడా రమ్మన్నాను. "తనిఖీ అని చెప్పకు. చుట్టమని చెప్పు" అంది.

కేకు బల్ల మీద పెట్టారు, కొవ్వొత్తులు వెలిగించారు. ఇంతలో బాత్రూమ్‌ల వైపు నుంచి మేడమ్ గొంతు వినిపించింది. "బిడ్డా, నా సంచి పట్టుకరా." నాకర్థమైంది. సంచి తీసుకెళ్లాను. ఆవిడ తలుపు ముందు చతికిలబడి స్క్రూ బిగించడం మొదలుపెట్టింది. వెనక ఒక పిల్ల వచ్చి నిలబడింది, తర్వాత ఇంకో పిల్ల. చూస్తూండగానే కేకు దగ్గర ఒక్క పిల్ల కూడా మిగల్లేదు. కత్తి పట్టుకుని మేనేజర్, పక్కన సెక్రటరీ, ఎదురుగా ఫొటోగ్రాఫర్, ముగ్గురూ కరిగిపోతున్న కొవ్వొత్తులను చూస్తూ నిలబడ్డారు.

గుంపులోంచి ఓ పిల్ల, పన్నెండేళ్లుంటాయేమో, ముందుకొచ్చింది. ఆమె పేరు చెప్పడానికి చట్టం ఒప్పుకోదు, మేడమ్ అసలే ఒప్పుకోదు.

"అమ్మమ్మా, ఇది లోపలికెల్లి ఏసుకుంటే బయటికెల్లి ఎవ్వరు తియ్యలేరా?"

"తియ్యలేరు."

"ఎవ్వరు గూడనా?"

"ముఖ్యమంత్రి వచ్చినా బయటనే నిలవడాలె."

పిల్లలంతా పగలబడి నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని చివరి స్క్రూ తనే బిగించింది. లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. తీసింది. మళ్లీ వేసుకుంది. తర్వాత మిగతా పిల్లలు వరసకట్టారు. ఒక గడియ వేసుకోవడం కోసం వరస కట్టిన పిల్లల్ని నేను అంతకుముందు చూడలేదు. కేకు కోసే సమయానికి మైనం అంతా క్రీములో కలిసిపోయింది. మేనేజర్ నాతో ఆ వారమంతా మాట్లాడలేదు. ఆ సంగతి పెద్దగా బాధించలేదు గానీ, తిరిగొస్తుంటే కారులో మేడమ్ శనగల పొట్లం విప్పకపోవడం చూసి నాకు భయమేసింది.

కొన్ని వారాల తర్వాత చెప్పకుండా నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. బాత్రూమ్ తలుపు లోపలివైపు గడియ లేదు. స్క్రూలు దిగిన రంధ్రాలు మాత్రం ఉన్నాయి. ఆవిడ వాటిలో ఒకదాన్ని చూపుడువేలితో తడిమి, సెక్రటరీ వైపు తిరిగి చాలా ముద్దుగా అడిగింది. "సారూ, మా గడియ ఏమాయె?"

"అదా అండీ? నేనే తీయించాను. చిన్నపిల్లలు కదా, లోపల ఇరుక్కుపోతారని. భద్రత ముఖ్యం కదండీ మనకి!" అన్నాడు అదే తెల్లటి నవ్వుతో.

మేడమ్ నా వైపు చూసింది. విన్నావా అన్నట్టు. విన్నాను.

తర్వాత ఆవిడ పెరట్లో మెట్ల మీద కూర్చుని శనగలు పంచింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. చాలాసేపటికి ఆ పిల్లే వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మమ్మా, గడియ నా వల్లనే పోయింది" అంది. అక్కడి వార్డెన్ ఏం చేస్తున్నాడో పెద్ద సార్‌కు, అంటే సెక్రటరీకి చెప్పిందట. ఎవ్వరికీ చెప్పకన్నాడట. తెల్లారి గడియ పీకించాడట. వార్డెన్ చేసింది ఏమిటో ఇక్కడ రాయను. చదివేవాళ్లకు తెలుస్తుంది.

మేడమ్ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "నీ వల్ల పోలే బిడ్డా. నీ వల్లనే దొంగ దొరికిండు" అంది. ఆ మెట్ల మీద నుంచే పోలీసులకు ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా పిల్లలందర్నీ వేరే గృహానికి మార్పించేదాకా అక్కణ్నుంచి కదల్లేదు. నాకు ఆ సీతాకోకచిలుకల గోడను గునపంతో పొడవాలనిపించింది.

వార్డెన్‌ను వెంటనే పట్టుకున్నారు. సెక్రటరీ వకీళ్లు మాత్రం తమ దొరకేమీ తెలియదన్నారు. ఆయన ఆదివారాలు వచ్చి పిల్లలకు మిఠాయి పంచి వెళ్లే మనిషట. గోడలకు రంగు తప్ప లోపలి సంగతులేవీ ఆయన దాకా రావట. ఆ వాదన నిలిస్తే వార్డెన్ ఒక్కడే జైలుకు వెళ్తాడు.

"వార్డెన్ పోతే ఇంకో వార్డెన్ వస్తడు," అంది మేడమ్ మా ఇంట్లో చాయ్ తాగుతూ. "కుర్చీల కూసున్నోడు పోకుంటే ఆ ఇల్లు మల్ల తెరుస్తరు. ఇంకో రంగేసి, ఇంకిన్ని చిలుకలేసి. తెలిసి గూడ చెప్పకుండ దాచినోనికి చట్టంల శిక్ష ఉన్నది. తెలుసని రుజువు చెయ్యాలె, గంతే. గడియ తీయిచ్చిన అని ఆయన నోటితోనే అన్నడు కదా, నువ్వు చెప్పు కోర్టుల."

"మీరూ విన్నారు కదా మేడమ్. మీరు చెప్తే చాలదా?"

"చెప్త. గని నేను పగతోటి చెప్తున్నంటరు. నువ్వు ఆయనకు శాలువా కప్పినదానివి. నీకేం పగ?"

ఆఫీసులో సెలవు అడిగితే మేనేజర్ గొంతు తగ్గించి, "దీన్ని మనం ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం. కంపెనీ పేరు రాకూడదు కదా" అన్నాడు. మేం మాట్లాడుకుంటున్నది మీటింగ్ గదిలో. ఆయన తల వెనక గోడ మీద నేనూ, సెక్రటరీ, శాలువా. నాకు చిర్రెత్తుకొచ్చింది. "సార్, ముందు ఆ ఫొటో ఆఫ్‌లైన్ చెయ్యండి" అని లేచి వచ్చేశాను.

ముందు ఆ పిల్ల సాక్ష్యం. ముద్దాయి ముఖం కనపడకుండా మధ్యలో తెర కడతారు, వేరే వాళ్లెవర్నీ లోపల ఉంచరు. అయినా పిల్ల పిల్లే. కోర్టు వరండాలో కూర్చున్నప్పటి నుంచి జడ కొస విప్పుతూ అల్లుతూనే ఉంది. పిలుపు రాబోతుందనగా బాత్రూమ్ అంది. వెళ్లింది, వెంటనే తిరిగొచ్చేసింది. "అమ్మమ్మా, గడియ లేదు."

న్యాయం జరిగే చోట కూడా ఇదేనా? మేడమ్ మాత్రం సంచి భుజాన వేసుకుని లేచింది. ఆ కోర్టు పోలీసులకు ఆవిడ స్క్రూడ్రైవర్ బాగా పరిచయం. దాన్నెప్పుడో ఆపడం మానేశారు. ఆవిడ పట్టుకుంటే పిల్ల స్క్రూలు బిగించింది. చివరిది బిగించి లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. అదే సమయానికి బంట్రోతు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, పిలుస్తున్నరు, జల్ది రాండ్రి, జడ్జి అమ్మగారు కూసున్నరు."

"ఆగమను," అంది మేడమ్ తలుపుకు వీపు ఆనించి.

"జడ్జిగారినా?"

"అవ్. బిడ్డ లోపలున్నది."

బంట్రోతు నోరు తెరుచుకుని వెనక్కి వెళ్లాడు. జడ్జిగారు ఆగారు. వకీళ్లు ఆగారు. తెర అవతల ముద్దాయిలూ ఆగారు. ఆ పిల్ల ముఖం కడుక్కుని, జడ సరిచేసుకుని, తనకు కావాల్సినంతసేపు ఉండి బయటికొచ్చింది. లోపలికి వెళ్లి అంతా చెప్పింది. పెద్ద సార్‌కు చెప్పిన సంగతితో సహా.

నా వంతు వచ్చినప్పుడు సెక్రటరీ తరఫు వకీలు జాలిగా నవ్వాడు. "గడియలాంటి చిన్న విషయం మీకింత బాగా ఎలా గుర్తుందమ్మా? ఎవరైనా నేర్పించారా?"

"ఆ గడియ వల్ల మా మేనేజర్ కేకు పాడైందండి. కొవ్వొత్తులన్నీ కరిగిపోయాయి. వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎట్లా మర్చిపోతాను?" అన్నాను. జడ్జిగారు తల వంచుకుని ఏదో రాసుకున్నారు. నవ్వు దాచుకోవడానికేనని నా అనుమానం. "సరే, తీయించింది తనేనని ఎవరన్నారు?" అని అడిగాడు వకీలు. "మీ పక్కన కూర్చున్నారే, ఆ సారే. భద్రత కోసమన్నారు." నవ్వుతూనే చెప్పాను.

వార్డెన్‌కూ శిక్ష పడింది, సెక్రటరీకీ పడింది. ఆ ఇల్లు మూతపడింది. సెక్రటరీ హైకోర్టులో అప్పీలు వేశాడని చెప్తే మేడమ్ ఏమీ కలవరపడలేదు. "పోనీ. హైకోర్టుల బాత్రూమ్‌లు గూడ చూసినట్టయితది" అంది. ఆ అప్పీలు ఇంకా తేలలేదు. అది చూడకుండానే ఆవిడ జబ్బుపడింది.

చివరిసారి చూసింది దవాఖానలో. మనిషి దిండు మీద చిన్నదైపోయింది. గొంతు మాత్రం అలాగే ఉంది. నర్సుతో తగాదా పెట్టుకుంటోంది.

"గడియ ఏదమ్మా ఈ బాత్రూమ్ తలుపుకు?"

"పేషెంట్లు లోపల పడిపోతే తీయడానికి ఉండాలి కదమ్మా, భద్రత కోసం పెట్టలేదండి."

"గిదే మాట చెప్పిండు ఒకడు. ఇప్పుడు జైల్ల ఉన్నడు."

నర్సు ఓ అడుగు వెనక్కి వేసింది. నేను సర్దిచెప్పబోతుంటే మేడమే మెత్తబడింది. "నీ మాట నిజమేలే బిడ్డా, నాకు గూడ కాళ్లు వణుకుతున్నయి. గని తలుపు కొట్టి రా. నేను రమ్మంటేనే రా." ఆ తర్వాత ఆ నర్సు ప్రతిసారీ తలుపు తట్టడం నేను విన్నాను. మేడమ్ ఒకసారి సరదాకి "వద్దూ!" అని అరిచింది కూడా. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. నాకు అప్పుడే ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

దుకాణదారు ఇచ్చిన పెట్టెలోంచి ఒక గడియ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. నాకేమీ తెలియలేదు. అయినా, "దగ్గడం లేదులే అన్నా" అన్నాను. ఆయన సంతోషించి కొన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు. కుళాయి కొనడం ఇద్దరమూ మరిచిపోయాం.

ఆదివారం ఆ పిల్ల ఇప్పుడుంటున్న గృహానికి వెళ్లాను. పొడుగైందట, పదో తరగతట. మేడమ్ పోయిన కబురు నేనే స్వయంగా చెప్తానని అక్కడివాళ్లతో అన్నాను. స్నానానికి వెళ్లింది, రమ్మంటాం కూర్చోండి అన్నారు. వద్దు, నేనే వెళ్తానన్నాను. తలుపు వేసి ఉంది. లోపల నీళ్ల చప్పుడు, మధ్యమధ్య శ్రుతి కుదరని పాట. తట్టాను.

"ఎవరది?" కసురుకుంది లోపల్నుంచి.

"నేనే."

"అక్కా, నువ్వా? తల రుద్దుకుంటున్న. ఇప్పుడే రాను, ఆగు!"

మళ్లీ నీళ్ల చప్పుడు, మళ్లీ పాట. నేను తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"నీకెంతసేపు కావాలో అంతసేపు పోసుకో తల్లీ," అన్నాను. "నేను ఇక్కడే ఉంటా."